పవర్ గ్రిడ్ మొదటి ఆట: ముందున్నోడికే ఎందుకీ శిక్ష?

వైజాగ్_మీపుల్
పవర్ గ్రిడ్ బోర్డు గేమ్ ఎట్టకేలకు బల్ల మీదకొచ్చింది. ప్లాంట్లు వేలంలో కొని, ఇంధనం పోసి, మ్యాప్‌లో ఊళ్లకి కరెంటివ్వడమే ఆట. నలుగురం, అమెరికా మ్యాప్, పాత ఎడిషన్. పొగిడినంత లేదు అనిపించింది. తిట్టేవాళ్లు కారణాలు విని తిట్టండి.

ఎక్కువ ఊళ్లకి లైన్ వేసినోడు ప్లాంటు వేలంలో ముందు పాట ఎత్తాలి. బొగ్గు కొనేటప్పుడు మాత్రం ఆఖర. ఊళ్లు కట్టేటప్పుడూ ఆఖరే. వెనకున్నోడు బొగ్గు 1కి ఎత్తుకుపోతే ముందున్నోడు 5, 6 పెట్టి కొనుక్కోవాలి. బాగా ఆడితే జరిమానా వేసే ఆట ఇదొక్కటే చూశా. పైగా ప్రతి రౌండూ కూడికలు, తీసివేతలు, ఆ కాగితం నోట్లు. యురేనియం 14 ఏంటి, ఎవడు కొంటాడు?

నా మార్కు పదికి ఆరు. ఉంచుకోమంటారా, అమ్మేయమంటారా?

రాగి_తీగ
అమ్మేస్తే నాకు చెప్పు.

లెక్కల_మాస్టారు
ముందున్నవాడికి శిక్ష అన్నారు చూశారా, ఆట మొత్తం అందులోనే ఉంది. అంకెలతో చూద్దాం.

బొగ్గు మార్కెట్ నిండుగా ఉంటే 24 ముక్కలు, 1 నుంచి 8 దాకా ఒక్కో ధరకి మూడేసి. నలుగురూ బొగ్గు ప్లాంట్ల మీదే ఉండి తలా 4 కొన్నారనుకోండి. మొదట కొన్నవాడికి 1+1+1+2, అంటే 5 ఎలెక్ట్రోలు (ఆటలో డబ్బు). రెండోవాడికి 10. మూడోవాడికి 15. ఆఖరివాడికి 5+5+5+6, మొత్తం 21. అదే బొగ్గు, అవే 4 ముక్కలు, తేడా 16.

ఇప్పుడు ఆదాయం చూడండి. 6 ఊళ్లకి కరెంటిస్తే 73, 7 ఊళ్లకి 82. ఏడో ఊరు తెచ్చేది రౌండుకి 9. ఆ ఒక్క ఊరు కట్టినందుకు మీరు వరసలో చివరి నుంచి మొదటికి వచ్చారంటే, 9 సంపాదించి ఇంధనంలో 16 పోగొట్టుకున్నట్టు. ఊరి ఖర్చు ఇంకా కలపనే లేదు. కాబట్టి "కట్టగలనా" అని కాదు, "కడితే వరసలో ఎక్కడికి వెళ్తాను" అని చూసుకోవాలి.

బిర్యానీ_బిడ్డర్
మాస్టారూ, ఇది ఆటా, ఆడిట్టా?

గోదావరిఖని_గనోడు
ముందుగాల నాకొకటి చెప్పుండ్రి. బొగ్గు ముక్కలు గోధుమరంగు, ఆయిల్ నలుపు ఏంది? మా ఊళ్లె ఎవరికన్న సూపెడితే నవ్వుతరు. కొత్తగ ఆడేటోళ్లు నల్లయి బొగ్గనుకొని ఆయిల్ ప్లాంటు మీద పెట్టుడు, తర్వాత లెక్క తప్పుడు. మొదలుపెట్టే ముందే చెప్పాలె: గోధుమ బొగ్గు, నలుపు ఆయిల్, పసుపు చెత్త, ఎరుపు యురేనియం.

రాగి_తీగ
మీపుల్ బ్రో, మాస్టారు వదిలేసిన ముక్క ఒకటుంది: సమానంగా ఉన్నప్పుడు ఏమవుతుందనేది. ఊళ్లు సమానమైతే ఎవరి దగ్గర పెద్ద నంబరు ప్లాంటుందో వాళ్లు ముందు. మొదటి రౌండులో ఎవరికీ ఊళ్లుండవు, వేలం అయ్యాక వరస మళ్లీ వేస్తారు. అంటే మొదటి వేలంలో పెద్ద నంబరు ప్లాంటు కొన్నవాడు బొగ్గుకి ఆఖర, ఊరికీ ఆఖర. చేతిలో ఉండేది 50 ఎలెక్ట్రోలు. ఆ రౌండులో 04 నంబరు ప్లాంటు (2 బొగ్గు తిని 1 ఊరికి కరెంటిచ్చేది) కొన్నవాడు చూడ్డానికి పేదగా ఉంటాడు కానీ రెండు బొగ్గు 2కి తెచ్చుకుని, మ్యాప్‌లో తీగ చవకగా ఉన్న చోట ముందే జెండా పాతేస్తాడు.

ఫిలడెల్ఫియా_రాజు
నేను మీపుల్ పక్షం. వెనకబడటమే వ్యూహమైతే అది డిజైన్ లోపమే. నలుగురూ బ్రేకులేసుకుని "నువ్వు కట్టు, నువ్వు కట్టు" అని కూర్చునే ఆటలు చూశాం. పెళ్లిభోజనాల్లో మొదటి బంతికి ఎవరూ లేవకపోవడం లాంటి వ్యవహారం.

లెక్కల_మాస్టారు
రాజుగారూ, అందరూ ఆగితే మొదట కదిలినవాడే లాభపడతాడు. స్టెప్ 1లో, అంటే ఆట మూడు భాగాల్లో మొదటిదాంట్లో, ఊరికి ఒక్కరే. నలుగురికి 4 ప్రాంతాలు, 28 ఊళ్లు. మీ అమెరికా మ్యాప్‌లోనే చూడండి, న్యూయార్క్–ఫిలడెల్ఫియా తీగ ఖర్చు 0. ఆ పక్క బోస్టన్, వాషింగ్టన్ కూడా చవకే. అదే డెన్వర్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి 21, ఊళ్లో మన గుర్తుగా పెట్టే ఇంటికి 10, కలిపి 31. ఆగి ఆగి తూర్పు తీరం ఎవరికో వదిలేసినవాడు తర్వాత ఎంత చవక బొగ్గు కొన్నా ఆ 31 పూడదు. వేరేవాళ్ల ఊరి మీదుగా దాటి వెళ్లొచ్చు, కానీ దారిలో తీగల ఖర్చంతా కట్టాలి.

ఎవరైనా 7 ఊళ్లు కట్టిన రౌండు చివర స్టెప్ 2 వస్తుంది, అప్పుడు ప్రతి ఊళ్లో రెండో ఇల్లు 15కి తెరుచుకుంటుంది. ఇరుక్కుపోయినవాడు ఎదురుచూసేది దానికోసమే. అందుకే 6 దగ్గర ఆగి, పక్కవాణ్ణి ఊపిరాడకుండా ఉంచడం కూడా ఒక ఎత్తు.

ఫిలడెల్ఫియా_రాజు
అదే అంటున్నా. 6 దగ్గర ముగ్గురు ఆగితే మూడు రౌండ్లు ఎవరూ ఏమీ చెయ్యరు.

రాగి_తీగ
ఏమీ చెయ్యకపోవడం కాదు. డబ్బు పోగవుతుంది, ఎవడో ఒకడు ఒకేసారి 4 ఊళ్లు కట్టి దూకుతాడు. ఆ దూకుడు ఎప్పుడొస్తుందో పసిగట్టడమే మధ్య ఆట. నీకది బోరైతే అభ్యంతరం లేదు, కానీ ఖాళీ మాత్రం కాదు.

సైలెంట్_రీడర్
పాప్‌కార్న్.

మీటర్_రీడర్
యురేనియం సంగతి ఎవరూ చెప్పలేదు. మొదట్లో 2 ముక్కలే, 14 దగ్గర ఒకటి, 16 దగ్గర ఒకటి. నలుగురాటలో స్టెప్ 1లో రౌండుకి ఒకటి చొప్పున వస్తుంది. ఖాళీల్లో ఎక్కువ ధర వైపు నుంచే నింపాలి కాబట్టి ఎవరూ కొనకపోతే వరసగా 12, 10, 8 కి దిగుతుంది. అంటే మూడు రౌండ్లకే 14 కాస్తా 8. ప్లాంటు 11కి ఒక్క యురేనియంతో 2 ఊళ్లు. అప్పటికి బొగ్గు ఒక్కోటి 5, 6 అయిపోయి ఉంటే, ఆ 8 ఖరీదేం కాదు. 23 దొరికితే ఒక్క ముక్కతో 3 ఊళ్లు, 28తో 4.

చెత్తకీ అంతే. 7, 8 దగ్గర 6 ముక్కలతో మొదలు. ఎవరూ ముట్టకపోతే రౌండుకి రెండు చొప్పున దిగి, నాలుగో రౌండు తర్వాత 4కి దొరుకుతుంది. అందరూ బొగ్గు మీద కొట్టుకుంటుంటే చెత్త ప్లాంటు ఒంటరిగా పట్టుకున్నవాడికి ఇంధనం ఖర్చు ఏటికేడాది తగ్గుతుంది.

బిర్యానీ_బిడ్డర్
చెత్తకి డబ్బిచ్చి కొనడం మాత్రం మింగుడు పడట్లేదు. మా వీధి చివర కుప్ప ఉంది, ఉచితం, వచ్చి పట్టుకెళ్లండి.

మీటర్_రీడర్
తడి చెత్త మండదు, ముందు వేరుచేసి పెట్టు 😀

వైజాగ్_మీపుల్
యురేనియం దిగుతుందన్నది బాగుంది, ఒప్పుకుంటా. కానీ మా బల్ల మీద బొగ్గు అసలు నిండనే లేదు. ప్రతి రౌండూ చార్టు ప్రకారం 5 పెట్టాలంటే బయట ముక్కల్లేవు. ముక్కలు తక్కువొచ్చాయా?

లెక్కల_మాస్టారు
24 ఉంటే సరిపోయినట్టే. కాల్చిన బొగ్గు మాత్రమే తిరిగి బయటికొస్తుంది. ప్లాంటు తన అవసరానికి రెట్టింపు దాచుకోవచ్చు: 2 బొగ్గు తినే ప్లాంటు మీద 4, 3 తినేదాని మీద 6. అందరూ నిండా దాచిపెడితే మార్కెట్‌లోకి రావాల్సిన 5 ముక్కలు ప్లాంట్ల మీదే ఇరుక్కుంటాయి, మిగిలిన వాటి ధర ఎక్కుతుంది. అది ముక్కల కొరత కాదు, ఎవరో కావాలని చేసిన కొరత. 05, 12, 21 లాంటి బొగ్గు–ఆయిల్ రెండూ తినే ప్లాంటున్నవాడు ఇందులో ఆరితేరిపోతాడు. అవసరం లేకపోయినా పక్కవాడి ఇంధనం ఏదైతే అది లాగేస్తాడు.

గోదావరిఖని_గనోడు
అసలు బొగ్గు దందాల గిట్ల ఉండది. నిజం ప్లాంటుకు బొగ్గు కంపెనీతోని ఏండ్ల తరబడి ఒప్పందం ఉంటది. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్లు నడిపేటోళ్లు పొద్దుగాల లేచి బజార్ల బొగ్గు వెతుక్కోరు. ఆటల మాత్రం అందరు రోజుకూలి లెక్క.

మీటర్_రీడర్
బొగ్గు అలా ఉండకపోయినా కరెంటు అమ్మకం కొంత అలాగే ఉంటుందన్నా. ఎనర్జీ ఎక్స్ఛేంజ్‌లో రేపటి కరెంటుకి ఇవాళ పాట నడుస్తుంది, రోజుకి 96 ముక్కలు, ఒక్కోటి 15 నిమిషాలు. డిమాండ్ ఎక్కువున్న ముక్కలో ధర ఒక్కసారి ఎగురుతుంది. ఆ ఆట బోర్డు మీద బొగ్గు ధర జరిగే తీరు దానికి దగ్గరే.

పాచికల_పిచ్చి
ఆఫీసు గోల ఇక్కడ వద్దు. వేలం గురించి రాయండి, కొత్తవాళ్లు డబ్బంతా తగలేసేది అక్కడే.

రాగి_తీగ
సరే, వేలం.

మార్కెట్‌లో 8 ప్లాంట్లు, నంబర్ల వరసన. కింది నాలుగు నంబర్లే ఇప్పుడు కొనగలిగేవి, పై నాలుగూ రేపటివి. ఒకటి అమ్ముడవగానే కొత్త కార్డు తీసి మళ్లీ వరస సర్దాలి. చిన్నది వస్తే అది పై వరసకి రాకుండా ఇప్పటి నాలుగులోనే పడుతుంది. పెద్దది వస్తే రేపటి వరసలో అతి చిన్నది జరిగి ఇవాళ్టికి వస్తుంది. మొదట పాట ఎత్తే నాయకుడు ఈ జరుగుడు చూడకుండానే తేల్చుకోవాలి. పాట ఎత్తకుండా పాస్ అంటే ఆ రౌండుకి వేలం నుంచి అవుట్. ఆఖరివాడికి, అప్పటికి మిగతా ముగ్గురూ కొనేసి ఉంటే, పోటీయే ఉండదు. కార్డు మీద 20 ఉంటే 20 కట్టి పట్టుకెళ్తాడు. అదే 20 (3 బొగ్గు, 5 ఊళ్లు) మొదట వేలానికి వస్తే 30 దాటడం మామూలే.

కాబట్టి నువ్వు ముందున్న రౌండులో నీకు నిజంగా కావాల్సిన ప్లాంటు ఎత్తకు. పక్కవాడికి కావాల్సింది ఎత్తి వాడి జేబు ఖాళీ చేయించు. వాడు వదిలేస్తే నీకే అంటుకుంటుంది, ఆ ధరకి నీకు పనికొస్తేనే ఎత్తు.

ఇంకొకటి. ఒక్కరికి 3 ప్లాంట్లే (ఇద్దరాటలో 4). నాలుగోది కొంటే పాతది ఒకటి తీసేయాలి. దాని మీదున్న ఇంధనం మిగతావాటికి సరిపడితే మార్చుకోవచ్చు, లేకపోతే గోవిందా. ఆట మొత్తంలో ఐదారు కంటే ఎక్కువ ప్లాంట్లు కొన్నావంటే ఎక్కడో డబ్బు కారుతున్నట్టే.

పాచికల_పిచ్చి
13 గాలిమర? ఇంధనం లేదు, 1 ఊరు.

రాగి_తీగ
13కే వస్తే, ఇద్దరు ముగ్గురు బొగ్గు మీద పడి ఉంటే, సరే. పాట పెరిగితే వదిలెయ్. గాలిమర మీద ప్రేమ పెంచుకున్నవాళ్లు ఆఖర్లో ఏడుస్తారు. నలుగురాట 17 ఊళ్లతో ముగుస్తుంది, వాటికి మూడే ప్లాంట్లు సరిపోవాలంటే 6+6+5 లాంటిది కావాలి. గాలిమరల్లో పెద్దదైన 44కి కూడా 5 ఊళ్లే.

ఫిలడెల్ఫియా_రాజు
ఇక్కడ ఒప్పుకుంటా, వేలం బాగుంటుంది. కానీ నా రెండో గొడవ: ఒకరు 36 లాంటిది (3 బొగ్గు, 7 ఊళ్లు) అదృష్టంగా పట్టేస్తే మిగతా వాళ్లు స్టెప్ 3 దాకా దిక్కులు చూడాలి.

లెక్కల_మాస్టారు
అదృష్టం ఉంది, కానీ మీరనుకున్నంత లేదు. స్టెప్ 1, 2లో ప్రతి రౌండు చివర రేపటి వరసలోని అతి పెద్ద ప్లాంటు కార్డుల కట్ట అడుక్కి వెళ్తుంది. చాలామంది దీన్ని మర్చిపోయి ఆడతారు, అప్పుడు పై వరస పెద్ద కార్డులతో బిగుసుకుపోయి మార్కెట్ కదలదు. అడుక్కి వెళ్లినవన్నీ స్టెప్ 3 కార్డు కిందకి చేరతాయి. ఆ కార్డు బయటపడ్డాక కలిపి మళ్లీ వాడతారు, అప్పుడు 6 ప్లాంట్లే ఉంటాయి, ఆరూ కొనొచ్చు. కాబట్టి ఏవేవి కిందకి వెళ్లాయో గుర్తుపెట్టుకున్నవాడికి ముందే తెలుసు ఏం రాబోతోందో. 39, 46 కిందకి వెళ్లడం చూసి డబ్బు దాచుకున్నవాడు అదృష్టవంతుడు కాదు.

వైజాగ్_మీపుల్
మేం ఆ కార్డు కిందకి పెట్టాం. అయినా మార్కెట్‌లో 05, 06 చివరిదాకా అలాగే పడున్నాయి.

మీటర్_రీడర్
అలా ఉండకూడదు బ్రో. ఎవరికైనా 6 ఊళ్లయ్యాయంటే నంబరు 6, అంతకంటే చిన్న ప్లాంట్లు మార్కెట్ నుంచి వెళ్లిపోవాలి, కొత్తవి రావాలి. రౌండులో ఎవరూ ప్లాంటు కొనకపోయినా అతి చిన్నది తీసేయాలి. స్టెప్ 2 మొదలైనప్పుడూ ఒకటి పోతుంది. ఈ మూడూ వదిలేస్తే ఆట అనవసరంగా సాగుతుంది. మీ ఆరు మార్కుల్లో సగం కారణం ఇదే అయ్యుండొచ్చు.

బిర్యానీ_బిడ్డర్
ఆ 05 పట్టుకుని ఎవరు ఎదురుచూశారో వాళ్లకి కోత పెట్టండి.

కోరమంగళ_కోటయ్య
2019లో వచ్చిన రీఛార్జ్‌డ్ ఎడిషన్‌లో దీనికో మందు పెట్టారు. ప్రతి వేలానికి ముందు అతి చిన్న ప్లాంటు మీద డిస్కౌంటు బిళ్ల పెడతారు, దాని పాట 1 నుంచి మొదలు. పనికిరాని చిన్న ప్లాంటు కార్డులు పేరుకుపోవడం తగ్గింది. కొత్తగా కొనేవాళ్లు అదే కొనండి. ఇద్దరే ఆడేవాళ్లు ఏది కొన్నా ముందు ఆలోచించండి. మార్కెట్ మీద ఒత్తిడే ఉండదు, నలుగురైదుగురుంటేనే రుచి.

నోట్లు మాత్రం ఏ ఎడిషన్‌దైనా పక్కన పడెయ్యండి. పోకర్ చిప్స్ తీసుకోండి, 1, 5, 25, 100 విలువలు. 1లు ఎక్కువ కావాలి, చిల్లరే అన్నిసార్లూ తగలడేది. ఒకరిని బ్యాంకు చేసి, ఆదాయం పట్టిక వాళ్ల ముందు పెడితే రౌండుకి రెండు మూడు నిమిషాలు మిగులుతాయి.

పాచికల_పిచ్చి
చిప్స్ మాటకి నూరు లైకులు.

సైలెంట్_రీడర్
ఇందులో జలవిద్యుత్ ఎందుకు లేదు? శ్రీశైలం చూసి పెరిగినోళ్లం, డ్యామ్ లేని కరెంటు ఆట ఏం ఆట?

కోరమంగళ_కోటయ్య
దానికి బరాజ్ ఆడు. సిమోన్ లూచియాని, తొమ్మాసో బత్తిస్తా చేసింది. పైనున్నవాడు ఆనకట్ట కట్టి నీళ్లు ఆపితే కిందున్నవాడికి చుక్క రాదు. తవ్వే యంత్రాలు ఒక చక్రం మీద పెడతావు, అది పూర్తిగా తిరిగొస్తే గానీ చేతికి రావు. పవర్ గ్రిడ్ కంటే బరువు ఆట. నలుగురికి మించి ఆడలేరు.

గోదావరిఖని_గనోడు
పైనోడు నీళ్లు ఆపుడు, కిందోడు మొత్తుకునుడు. దీనికి ఆట కొనుడెందుకు, పేపర్ సదివితే చాలదా?

కోరమంగళ_కోటయ్య
😀 మన దగ్గరికి రావాలంటే పవర్ గ్రిడ్‌కే ఆస్ట్రేలియా–భారత ఉపఖండం మ్యాప్ ఉంది, రెండు వైపులా అచ్చేసిన బోర్డు. బేసిక్ ఆట చేతికొచ్చాక తీయండి, మ్యాప్‌తో పాటు నియమాలూ మారతాయి.

మీటర్_రీడర్
సైలెంట్_రీడర్ మాట్లాడాడు, అందరూ గమనించారా?

వైజాగ్_మీపుల్
అమ్మడం ప్రస్తుతానికి ఆపాను (రాగి_తీగ క్షమించు). మాస్టారి 5, 10, 15, 21 లెక్క చూశాక మళ్లీ బల్ల మీద పెట్టాలనిపిస్తోంది. కానీ వెనకబడి గెలవడం నాకు ఇప్పటికీ నచ్చలేదు, ఆ మాట మార్చను. ఆఖరి రౌండు గురించి ఒకటి అడుగుతా: 17 ఊళ్లు ముందు కట్టినవాడే గెలిచాడని మేం ఆపేశాం. సరైనదేనా?

లెక్కల_మాస్టారు
కాదు. 17వ ఊరు కడితే ఆ రౌండుతో ఆట ముగుస్తుంది, అంతే. కట్టే వంతు ఇంకా మిగిలినవాళ్లు కూడా కడతారు. తర్వాత ఎవరు ఎక్కువ ఊళ్లకి నిజంగా కరెంటు ఇవ్వగలిగారో వాళ్లు గెలిచారు. 17 కట్టి ఇంధనం 15కే ఉన్నవాడు, 16 కట్టి 16 వెలిగించినవాడి చేతిలో ఓడిపోతాడు. సమానమైతే చేతిలో మిగిలిన డబ్బు చూస్తారు. ఆ రౌండుకి ఆదాయం పంచరు.

రాగి_తీగ
దానికి కొసరు. ఆదాయం పట్టికలో 16 ఊళ్లకి 138, 17కి 142. పదిహేడో ఊరు రౌండుకి తెచ్చేది 4. రెండో ఇల్లయితే 15, మూడోదైతే 20, తీగ అదనం. పెట్టుబడిగా అది ఎప్పటికీ తిరిగి రాదు, గెలుపు కోసమే కట్టాలి. కాబట్టి 13, 14 దాటాక ఊళ్లు ఆపు, డబ్బు పెద్ద ప్లాంటుకి, ఇంధనానికి దాచు, ఒకే రౌండులో 3, 4 ఊళ్లు కట్టి ముగించు. ఇంధనం కొనేది ఊళ్లు కట్టకముందు అని మర్చిపోకు. కొనే దశలోనే ఆ రౌండు ఆఖరిదా కాదా అని నలుగురి జేబులూ లెక్కపెట్టాలి. ఎవడి దగ్గర 100 దాటిందో వాడు ముగించగలడనుకునే కొను.

ఫిలడెల్ఫియా_రాజు
నలుగురి జేబులూ లెక్కపెట్టడం. మళ్లీ ఆడిట్.

బిర్యానీ_బిడ్డర్
నేను మొదట్లోనే చెప్పా.

పాచికల_పిచ్చి
ఒక అనుమానం. ఆఖరి రౌండులో నాకు అక్కర్లేని ఆయిల్ కొని ఎదుటివాడికి దొరక్కుండా చెయ్యొచ్చా?

మీటర్_రీడర్
నీ దగ్గర ఆయిల్ తినే ప్లాంటు ఉంటే, రెట్టింపు హద్దులోపు కొనొచ్చు. ప్లాంటు లేకపోతే ఒక్క ముక్క కూడా కొనకూడదు. ఆ పని చెయ్యాలంటే వరసలో వాడికంటే వెనక ఉండాలి, లేకపోతే నీ వంతు వచ్చేసరికి వాడు కొనేసి ఉంటాడు.

వైజాగ్_మీపుల్
మళ్లీ వెనకే!